ఎడమ బుగ్గ లోపల

గోదావరి నడుమ ఉన్న ఆ లంకకి మేం చేరేసరికి తెల్లారుతోంది. రాత్రంతా కురిసిన వాన అప్పుడే ఆగింది. రావులపాలెం దగ్గర లారీలు దిగి, ఏటిగట్టు మీద రబ్బరు బోట్లలో గాలి నింపుకుని, మోటార్లు తగిలించుకుని బయల్దేరాం. ఎటు చూసినా ఎర్రటి నీళ్ళు, ఆ నీళ్ళ మీద కొబ్బరి చెట్ల తలలు. కొంత దూరం పోయాక హవల్దారు మోటారు ఆపమన్నాడు. మా కింద అరటి తోట ఉంది, ఆకులు ఫ్యానుకి చుట్టుకుంటాయన్నాడు. తెడ్లు వేసుకుంటూ నెమ్మదిగా తోట మీదుగా పోయాం. ఆకుల చివర్లు నీళ్ళలోంచి పైకి లేచి మా చేతులకి తగిలి మళ్ళీ మునిగిపోతున్నాయి.

సైన్యంలో చేశానంటే అందరూ యుద్ధం గురించే అడుగుతారు. కొండల మీద చేశాను, ఎడారిలోనూ చేశాను. కాని నా సర్వీసు మొత్తం మీద నేను బాగా భయపడింది మన గోదావరి జిల్లాలోనే, తొంభైల చివర్లో వచ్చిన ఒక వరద డ్యూటీలో. వరద చూసి భయపడలేదు, ఈత నాకు బాగా వచ్చు. నా ఎడమ బుగ్గ లోపల పెసరగింజంత చోటు ఒకటి నన్ను భయపెట్టింది. నవ్వేవాళ్ళు నవ్వొచ్చు, అప్పుడు మా హవల్దారు కూడా నవ్వాడు.

నేను రేడియో ఆపరేటర్ని. వీపుకి సెట్టు, నడుముకి విడి బ్యాటరీలు, చేతిలో మడత యాంటెన్నా, అన్నిటి మీదా కప్పడానికి ఒక పాలిథిన్ పట్టా. కెప్టెన్ గారు ఆర్డర్లు మూడే ఇచ్చారు. మేడ మీద సెట్టు పెట్టు. బోట్లతో మాట తెగిపోకుండా చూసుకో. ఊళ్ళోవాళ్ళతో నువ్వే మాట్లాడు. మా దళంలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే.

మేడంటే చర్చి వాళ్ళ బడి. కింది గదుల్లో కిటికీ చువ్వల దాకా నీళ్ళు. పై వరండాలో ఊరి జనం, దాన్ని ఆనుకున్న డాబా మీద మా టార్పాలిన్. పైన ఉన్న రెండు గదుల్లో ఒకదాని నిండా రైతులు పొగాకు కట్టలు సర్దేశారు. లంక పొగాకు, చుట్టల పొగాకు. తలుపు తీసీ తియ్యగానే ఆ వాసన మీద పడింది. గుమ్మంలోనే ఆగిపోయాను.

అది మా నాన్న వాసన.

మా ఊరు కోరుకొండ పక్కన. నాన్న బడిలో అటెండరు. గంట కొట్టేటప్పుడు తప్ప ఆయన నోట్లో చుట్ట లేకుండా నేను చూడలేదు. ఆరిపోయిన ముక్క పారెయ్యడానికి మనసొప్పేది కాదు, దాన్ని ఎడమ బుగ్గన పెట్టుకునేవాడు. ఒక ఏడు ఆ బుగ్గలో తెల్లటి మచ్చ వచ్చింది. మరుసటి ఏడు అది పుండయింది. ఆ తర్వాత నోరు తెరుచుకోవడం మానేసింది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. మా అక్క కొవ్వూరు నుంచి వచ్చి, చివరిదాకా ఉండి, చెంచాతో గంజి పట్టింది. నాన్న పెదాలు విడివడేవి కావు. చెంచా దగ్గరికి తీసుకెళ్ళినప్పుడల్లా ఆయన బదులు అక్క నోరు తెరుచుకునేది, చంటిపిల్లలకి పెట్టే తల్లికి తెరుచుకున్నట్టు. గుమ్మం పక్కన నిలబడి అది చూసేవాణ్ణి.

నాన్న పోయాక మా ఇంట్లో ఒక అలవాటు పుట్టింది. సెలవు మీద వచ్చినప్పుడల్లా నేను ముందు కొవ్వూరులో దిగాలి. అక్క వాళ్ళ వరండా ఏటికి ఎదురుగా ఉంటుంది. కాళ్ళు కడుక్కోకముందే అక్కడ కూర్చోబెట్టి, మొహం వెలుగు వైపు తిప్పి, నోరు తెరవమనేది. ఎద్దుని కొనేవాడు కూడా ఇంతసేపు పళ్ళు చూడడని బావ ఏడిపించేవాడు. అక్క నవ్వేది కాదు. చూడ్డం అయ్యాకే మంచినీళ్ళిచ్చేది. ఆ భయంతోనే నేను చుట్ట, సిగరెట్టు, ఖైనీ ఏదీ ముట్టుకోలేదు, ఫౌజులో అది అంత తేలికేం కాదు.

అలాంటి నాకు లంకకి వచ్చిన మూడో రోజున టీ తాగుతుంటే ఎడమ బుగ్గ భగ్గుమంది. నాలుక పెట్టి చూశాను, అక్కడ గరుకుగా ఉంది. గడ్డం గీసుకునే అద్దం పట్టుకుని డాబా మూలకి పోయి నోరు సాగదీసి చూసుకున్నాను. పళ్ళు కలిసేచోట బుగ్గ మీద పొడుగునా తెల్లటి గీత. గీత మధ్యలో ఎర్రగా చిట్లిన చోటు. నాన్నకీ తెలుపుతోనే మొదలైంది, అదే బుగ్గలో. అద్దం జేబులో పెట్టేసుకుని, సెట్టు దగ్గరికి వచ్చి కూర్చున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం రేషన్ బోటు గట్టుకి వెళ్తోంది. మీ అక్క ఇక్కడికి దగ్గరే కదా, వెళ్ళి ఎస్టీడీ బూత్ నుంచి ఒక మాట చెప్పి రమ్మన్నాడు హవల్దారు. ఆయన పంజాబీ, కోపం ఎక్కువ, మనసు మంచిది. వద్దన్నాను. బుగ్గ నొప్పికి నా మాట కొంచెం ముద్దగా వస్తోంది. అక్క హలో అన్నంతలో పట్టేస్తుంది.

రోజులు కలలో నడిచినట్టు నడిచేవి. పొద్దున్నే నీళ్ళ మీద పొగమంచు లాంటిది లేచేది. అందులోంచి ఏవేవో వచ్చేవి. ఒక నులకమంచం, దాని మీద ఒంటరిగా ఒక కోడిపుంజు. తలుపుతో సహా కొట్టుకొచ్చిన గడప, దానికి పసుపు ఇంకా చెరగలేదు. గెలలతో ఉన్న అరటి చెట్లు పడుకునే తేలుతూ పోయేవి. బోట్లు కొబ్బరి తోట దాటి అవతలికి పోగానే సెట్టులో మాట ఆగిపోయి ఒకటే హోరు వినిపించేది. తలకి హెడ్‌ఫోన్ బిగించుకుని ఆ హోరు వింటూ కూర్చోవాలి. నడుమ మనం మాట్లాడకూడదు, వాళ్ళ మాటకి దారి ఖాళీగా ఉంచాలి. ఒక్కోసారి గంట, ఒక్కోసారి పూటంతా అంతే.

"బేస్, బోట్ టూ. ఒక ముసలాయన, రెండు మేకలు, ఒక ట్రాన్సిస్టర్. ట్రాన్సిస్టర్ లేకపోతే రానంటున్నాడు. ఓవర్."

"దాన్నీ ఎక్కించండి. ఓవర్."

మళ్ళీ హోరు. వెనక గదిలోంచి పొగాకు వాసన. కళ్ళు మూస్తే నాన్న ఆ కట్టల మీద చొక్కా లేకుండా కూర్చుని, ఎడమ బుగ్గ ఉబ్బెత్తుగా, నన్నే చూస్తున్నట్టు ఉండేది. నాకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు, పెళ్ళి కాలేదు. చచ్చిపోతానని అనుకుంటూ హెడ్‌ఫోన్ చెవులకి పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఊరివాళ్ళలో మార్తమ్మ అనే మామ్మగారు ఉండేవారు. ఒంటరి మనిషి. ఇల్లు మునుగుతుంటే ట్రంకుపెట్టె వదిలేసి ఆవకాయ జాడీ ఒక చంకన, బట్టల మూట ఒక చంకన పెట్టుకుని బోటెక్కారు. మధ్యాహ్నం మేం వండిన కిచిడీ అందరికీ పెట్టాక, ఆమె ప్రార్థన చేసేవరకూ ఎవరూ ముద్ద ఎత్తేవారు కాదు. తలపాగాతో మా హవల్దారు కూడా తల వంచుకుని నిలబడేవాడు. ప్రార్థన అయ్యాక ఆమె జాడీ పట్టుకుని వరసగా వచ్చి జవాన్లకి తలో ముక్క వేసేవారు. వాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ తిని మళ్ళీ పళ్ళెం చాచేవారు. ఆ కిచిడీలో ఉప్పు చాలేది కాదు. మొదటి రోజే మా ఉప్పు బస్తా బోటులో నీళ్ళు తగిలి సగం కరిగిపోయింది.

అలా ఒక రోజు నా దగ్గరికీ వచ్చారు. వద్దండి అన్నాను. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అదేంటి బాబూ, హిందీవాళ్ళే తింటున్నారు. నువ్వు మనవాడివి కదా. నా చేతి ఆవకాయ పనికిరాదా?"

ఆర్డరు కాదంటే ఏమవుతుందో నాకు తెలుసు, శిక్ష వేస్తారు, ఊరుకుంటారు. ఇల్లు మునిగిన మామ్మ జాడీ పట్టుకుని ఎదురుగా నిలబడి ఆ మాటంటే మాత్రం మన గోదావరి జిల్లాలో పుట్టినవాడు ఏం చేస్తాడు? పళ్ళెం చాచాను. తిన్నాను. బాగుందండీ అన్నాను. ఆమె మొహం విప్పారింది. ఇంకో ముక్క వేశారు. అదీ తిన్నాను. మొహమాటం అంత చెడ్డది.

పళ్ళెం కింద పెట్టి నిదానంగా నడిచి, పొగాకు గదిలోకి పోయి తలుపు వేసుకున్నాక కట్టల మీద పడ్డాను. బుగ్గలో నిప్పు కణిక పెట్టినట్టుంది. కళ్ళంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. మందుల పెట్టె కోసం వచ్చిన మా దళం నర్సింగ్ అసిస్టెంటు నన్ను ఆ అవతారంలో చూశాడు. కేరళవాడు, మాటలు తక్కువ. పాము కరిచిందా అని అడిగాడు. కాదని తల ఊపి నోరు తెరిచాను.

టార్చి వేశాడు. చెంచా కాడతో బుగ్గ పక్కకి లాగి చూశాడు.

"నొప్పి ఉందా?"

ప్రాణం పోతోందన్నాను.

"మంచిది," అన్నాడు.

అతన్ని కొట్టాలనిపించింది. అతను చెంచా తుడుచుకుని ఒక్కొక్కటే అడిగాడు. గుట్కా, ఖైనీ, పోకచెక్క? లేవు. పన్ను ఏదైనా విరిగిందా? వేలితో తడిమి, ఒక దంతానికి చిన్న మొన ఉంది, తర్వాత అరగదీయించుకోవచ్చన్నాడు. టీ ఎలా తాగుతావు? స్టవ్వు మీంచి దించిన మగ్గు దించినట్టే. అదీ ఒక కారణమే అన్నాడు. కాని అసలు సంగతి ఏంటంటే ఈ బుగ్గని ఎవరో కొరుకుతున్నారు, ఆ ఎవరో నువ్వే అన్నాడు. పంటి గుర్తులు కనపడుతున్నాయి. తెల్లగీత అంటావా, గొడ్డలి పట్టిన అరచేతికి కాయ కాసినట్టే పళ్ళు ఒరుసుకునే చోట బుగ్గ గట్టిపడుతుంది, చాలామందికి ఉంటుంది.

అప్పుడు నాన్న సంగతి చెప్పాను. ఆ మాట బయట ఎవరితోనైనా అనడం నాకు అదే మొదలు. అతను టార్చి ఆర్పేసి కాసేపు పొగాకు కట్టల వైపు చూశాడు.

"రెండు వారాలు చూద్దాం. కొరకడం మానెయ్. పుండు మానకపోతే నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి డాక్టరు ముందు కూర్చోబెడతాను. అప్పటికి నొప్పి ఉన్నా సరే, లేకపోయినా సరే."

నేను కొరుక్కోనని గట్టిగా వాదించాను. చిన్నపిల్లాణ్ణా ఏంటి?

మరుసటి రోజు బోట్ టూ కొబ్బరి తోట దాటింది. హోరు మొదలైంది. నర్సింగ్ అసిస్టెంటు గాజుగుడ్డ మడతలు పెడుతూ నా ఎదురుగా కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో గమనించలేదు.

"ఏం తింటున్నావ్?"

"ఏమీ లేదు."

"మరి దవడ ఎందుకు ఆడుతోంది?"

అలాగే బిగుసుకుపోయాను. నా ఎడమ బుగ్గ నా పళ్ళ మధ్యన ఉంది. లోపలికి పీల్చుకుని మేక ఆకు నమిలినట్టు నములుతున్నాను. నాకు తెలియకుండా ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నానో. బోటు జాడ లేక, మాట్లాడే వీలు లేక, ఎదురుచూడ్డం తప్ప వేరే పని లేక, నోరు తన పని తాను వెతుక్కుంది. లంకకి వచ్చినప్పటి నుంచి ఎదురుచూడ్డం ఎక్కువైంది, అంతే. నేను సిగ్గుపడ్డాను, వెంటనే నవ్వొచ్చింది, నవ్వితే బుగ్గ మండింది.

హవల్దారు సంగతి విని దీన్నొక ఆపరేషన్ చేసేశాడు. నా దవడ ఆడినట్టు ఎవరికి కనపడినా పళ్ళెం మీద చెంచాతో కొట్టాలని ఆర్డరు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా డాబా మీద టంగు టంగుమని ఒకటే మోత. ఊరివాళ్ళకీ సరదా పుట్టింది, వాళ్ళూ గిన్నెలు అందుకున్నారు. నర్సింగ్ అసిస్టెంటు ఒక చిట్కా చెప్పాడు. పెదాలు మూసి ఉంచు, పళ్ళు మాత్రం తాకనివ్వకు, నాలుక కొస అంగిట్లో ఆనించు. సెట్టు ముందు అలా కూర్చోవడం పహరా కాయడం కన్నా కష్టం.

ఆ మోత ఎందుకని మార్తమ్మగారు అడిగారు. దాచకుండా చెప్పాను. ఆమె మొహంలో నవ్వు పోయింది.

"ఆ నోటితో రెండు ముక్కలెలా తిన్నావు నాయనా?"

"మీరు వడ్డించారు కదండీ."

ఆమె కాసేపు కొంగు మెలిపెట్టుకుంటూ కూర్చుని, లేచి వెళ్ళి బట్టల మూట విప్పి, అడుగునున్న గాజుసీసా తెచ్చారు. నిండా రాళ్ళ ఉప్పు, నీటి చెమ్మ తగలకుండా మైనం గుడ్డతో మూతి బిగించి ఉంది. ఆవకాయ పెట్టే ఇంట్లో మంచి ఉప్పు ఎప్పుడూ దాచి ఉంచుతారట. ఆ సాయంత్రం నుంచి మా స్టవ్వు మీద కాగిన నీళ్ళు గోరువెచ్చగా చల్లార్చి, చిటికెడు ఉప్పు వేసి, గ్లాసు తెచ్చి నా చేతికిచ్చేవారు. నోట్లో పోసుకుని ఎడమవైపు కాసేపు నిలిపి, పుక్కిలించి, పిట్టగోడ మీంచి ఉమ్మేవాణ్ణి. పొద్దున్న, తిన్న ప్రతిసారీ, పడుకోబోయే ముందు. వీడి పుణ్యమా అని సముద్రం లంక దాకా వచ్చేసిందని హవల్దారు వెక్కిరించాడు. కారం బంద్. వేడి టీ బంద్. చల్లారిన టీ తాగే సిపాయిని చూసి ఆయన మొహం తిప్పుకునేవాడు. గంజిలో మగ్గిన అరటిపండు పిసికి మామ్మగారే ఇచ్చేవారు. మింగేదాకా ఎదురుగా నిలబడేవారు.

నోటికి పని లేకపోయేసరికి చెవులు తెరుచుకున్నాయి. హోరు వెనక అంతకుముందు వినని చప్పుళ్ళు విన్నాను. కింది గదుల్లో నీళ్ళు బెంచీల మధ్య తిరుగుతూ గోడలకి మెల్లగా తగిలేవి. వరండాలో ఆడవాళ్ళు గొంతు తగ్గించి కీర్తన పాడుకునేవారు. ఎండ కొబ్బరాకుల మీంచి జారి నీళ్ళలో ముక్కలయ్యేది. పొగాకు వాసన ఉంది గాని నాన్న కట్టల మీద కనపడటం తగ్గింది. కనపడినప్పుడు కూడా నన్ను చూడకుండా అటు నీళ్ళ వైపు చూస్తున్నట్టుండేది. అప్పటికి టీ తగిలితే మంట కూడా లేదు. నాలుక పెడితే నున్నగా ఉంది. నర్సింగ్ అసిస్టెంటు మళ్ళీ టార్చి వేసి చూసి, చిట్లిన చోటు మానిందన్నాడు. గీత ఉంటుంది, ఉండనీ, దానికేసి రోజూ అద్దం పట్టుకుని కూర్చోకు అన్నాడు.

నీళ్ళు తీశాయి. గోడల మీద బురద గీత, తోటల నిండా ఒండ్రు, పడుకుండిపోయిన అరటి చెట్లు. బోట్లలో గాలి తీసి మడిచాం. మార్తమ్మగారు గట్టు దాకా వచ్చి చిన్న సీసాడు ఆవకాయ నా చేతిలో పెట్టారు, నోరు పూర్తిగా నెమ్మదించాకే మూత తియ్యమని ఒట్టు వేయించుకున్నారు. రాజమండ్రిలో రైలెక్కే ముందు కెప్టెన్ గారు నాకు ఒక పూట సెలవిచ్చారు. బ్రిడ్జి మీద బస్సు మెల్లగా పోయింది. కింద గోదావరి ఇంకా ఎర్రగానే ఉంది.

అక్క వరండాలోనే ఉంది. వరద గురించి అడగలేదు. భుజం పట్టుకుని కూర్చోబెట్టి మొహం వెలుగు వైపు తిప్పింది. దారి పొడుగునా చెప్పాలా వద్దా అనుకుంటూనే వచ్చాను.

"అక్కా, ఎడమ బుగ్గలో పుండు పడింది. మానిపోయింది. ఇంకా గీత ఉంది, చూస్తావు కదా, ముందే చెప్తున్నా."

నా గడ్డం కింద ఉన్న ఆమె చెయ్యి చల్లబడిపోయింది. లోపల బావ రేడియో పెట్టుకుని ఉన్నాడు, అదీ ఆపేశాడు.

"నొప్పి చేసిందా?"

"చాలా చేసింది. ఏడ్చాను కూడా."

"నాన్నకి చెయ్యలేదురా," అంది. "మొదట్లో ఒక్కరోజు కూడా చెయ్యలేదు. నొప్పే లేదు కదమ్మా, డాక్టరెందుకు అనేవారు. నేనూ సరే అన్నాను."

అన్నేళ్ళుగా నా నోరు తెరిపించి ఆమె ఏం వెతుకుతోందో నాకు అప్పుడు అర్థమైంది. నాకు దుఃఖం వచ్చింది. నోరు తెరిచాను.

ఆ తర్వాత యూనిట్‌లో డెంటల్ డాక్టరు పంటి మొన అరగదీశారు. రిటైరయ్యి కొవ్వూరులోనే ఉంటున్నాను. ఎవరైనా బుగ్గలో ఏదో ఉందంటే ఉప్పునీళ్ళు పుక్కిలించమంటాను, కొరుక్కుంటున్నారేమో చూసుకోమంటాను, రెండు వారాలు దాటితే నేనే వెంటపడి ఆస్పత్రికి తీసుకెళ్తాను. బస్సు రావడం ఆలస్యమైనా, డాక్టరు గది బయట కూర్చున్నా, బుగ్గ పళ్ళ మధ్యకి పోతుంది. ఎక్కడో పళ్ళెం మీద చెంచా టంగుమంటుంది, వదిలేస్తాను.

అలా వదిలేసినప్పుడల్లా ఆ వరండా కళ్ళ ముందుకి వస్తుంది. వెనక ఏరు. బుగ్గని పక్కకి లాగి పట్టుకున్న అక్క బొటనవేలు. ఎండ నేరుగా నా మొహం మీద పడుతోంది, ఆమె కళ్ళు ఆర్పకుండా నా నోట్లోకి చూస్తోంది. ఆమె నోరు కూడా తెరుచుకుని ఉంది. ఆ సంగతి ఆమెకి తెలియదు.